రెండో సంతకం

మా చిన్నాయన కళ్లు పోవడంలో నా పాలు ఉంది. ఇంట్లో ఈ మాట ఎవరూ నా మొహం మీద అనలేదు, అందుకే నేనే అంటున్నాను. షుగరు తినేసింది అంటుంది చిన్నమ్మ. రాత అంటాడు నాయన. ఆ రాతా గీతా మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన చూపు తగ్గుతోందని ఏడాది పాటు ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. సూర్యాపేటలో సొంత ఇల్లు. చిన్న వయసులోనే మిలిటరీ విమానాల రిపేరు పనిలో చేరాడు. అక్కడ రిటైరయ్యాక శంషాబాద్‌లో ప్రయాణికుల విమానాలు బాగుచేసే హ్యాంగరులో ఇంజనీరుగా కుదిరాడు. వారమంతా అక్కడే చిన్న గదిలో కిరాయికి ఉండేవాడు, సెలవు దొరికితే బస్సెక్కి సూర్యాపేట వచ్చేవాడు. పిల్లలు లేరు. మిర్యాలగూడలో ఇంటర్ పూర్తిచేసి ఏం చదవాలో తెలియక ఊరికే తిరుగుతున్న నన్ను ఈ పనిలోకి లాగింది ఆయనే. ఆడపిల్ల స్పానర్లు పట్టుకుంటదా అని మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. మా నాయన రైస్ మిల్లులో ఫిట్టరు. చిన్నాయన నవ్వి, "అన్న పట్టుకుంటలేడా వదినా? గదే స్పానరు. గీడ జర మసి తక్కువ ఉంటది, అంతే" అన్నాడు. కోర్సు ఫారం ఆయనే తెచ్చాడు, చదువయ్యాక తన హ్యాంగరులోనే చేర్పించాడు. నాలుగేళ్లు ఒకే షిఫ్టులో పనిచేశాం.

విమానం తోక దగ్గర పైకీ కిందికీ ఆడే రెక్క ఒకటి ఉంటుంది. విమానం ముక్కు లేవాలన్నా, దించాలన్నా దాని పనే. అలాంటి కంట్రోల్ భాగాల మీద చెయ్యి పడిందంటే మా పనిలో ఒక నియమం ఉంది. ఒకరు పని చేసి సంతకం పెడతారు. ఆ పనితో సంబంధం లేని రెండో మనిషి వచ్చి, అంతా మొదటి నుంచి మళ్లీ చూసి, రెండో సంతకం పెడతారు. రెండో మనిషి చూడాలి, కదిపి చూడాలి, అంతేగానీ సరిచేయకూడదు. తప్పు కనబడితే కాగితం మీద రాసి, మొదటి మనిషిని పిలవాలి. తానే సరిచేసిన మరుక్షణం అతను రెండో మనిషి కాడు, పనిచేసిన మనిషే అయిపోతాడు. ఇక అతని పనిని చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇది నాకు నేర్పింది కూడా చిన్నాయనే. "సూడు బిడ్డా, మొదటి సంతకం నీ అయ్యదైనా సరే, వాడు సోయి లేకుండ చేసిండనుకొని సూడాలె. అట్ల సూస్తేనే సూసినట్టు" అనేవాడు. నేను బుద్ధిగా తల ఊపేదాన్ని. ఊపడానికేం, తలే కదా.

మా ఇంట్లో నేర్చుకున్నది మాత్రం వేరు. మా నానమ్మకు ముసలితనంలో చూపు ఆనేది కాదు. అయినా బియ్యం తానే ఏరాలి. చాటనిండా బియ్యం పోసుకుని వరండాలో కూర్చుని గంటసేపు ఏరేది, రాళ్లు ఎక్కడివక్కడే ఉండేవి. ఆమె లేవగానే మా అమ్మ ఆ చాటను వెనక గదిలోకి తీసుకుపోయి మళ్లీ ఏరేది. మేమెవ్వరం ఆమెతో ఒక్క మాట అనలేదు. పోయేదాకా నానమ్మ తానే బియ్యం ఏరుతున్నాననుకుంది. మా వైపు పెద్దవాళ్లకు ఇచ్చే గౌరవం అదే. వాళ్ల తప్పు వాళ్లకు తెలియకుండా వెనకనుంచి సర్దేయడం. నేనూ ఆ చాట చూస్తూ పెరిగినదాన్నే.

కిందటేడు ఉగాదికి వారం ముందు మొదటిసారి జరిగింది. తోక రెక్కను ఆడించే కడ్డీ ఒకటి అరిగిందని చిన్నాయన కొత్తది బిగించాడు. బోల్టు పెట్టి, నట్టు తిప్పి, ఆ నట్టు వదులు కాకుండా అడ్డంగా కాటర్ పిన్ దూర్చి, దాని రెండు కాళ్లూ వెనక్కి వంచాలి. లారీ చక్రాలకూ మిల్లు యంత్రాలకూ ఉండే పిన్నే. ఇక్కడ అది ఊడితే నట్టు ఊడుతుంది, నట్టు ఊడితే బోల్టు జారుతుంది, ఆపైన ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండో సంతకానికి నేను నిచ్చెన ఎక్కి టార్చి వేసి చూశాను. పిన్ను ఉంది. కాళ్లు వంచలేదు, నిటారుగా ఉన్నాయి.

కింద చిన్నాయన సీసాలో నీళ్లు తాగుతూ నిలబడ్డాడు. "అయిందా?" అని కేకేశాడు.

నియమం ప్రకారం నేను కాగితం మీద రాయాలి. ఆయన పనిలో తప్పు ఉందని, నా చేత్తో, ఆయన పేరు ఎదురుగా. పక్కన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కూడా ఉన్నారు. నాకు ముఖం చెల్లలేదు. జేబులోంచి ప్లయర్ తీసి, రెండు కాళ్లూ వంచేశాను. అర నిమిషం పని. "అయింది చిన్నాయనా" అని దిగి సంతకం పెట్టాను. మనిషన్నాక ఎప్పుడో ఒకసారి మరచిపోతాడులే అనుకున్నాను.

రెండోసారి, బోల్టులు తిరిగిపోకుండా కట్టే బిగింపు తీగను వదులయ్యే వైపుకు చుట్టాడు. విప్పి తిరిగి చుట్టాను. మూడోసారి అసలు పిన్నే లేదు. టీ తాగుతూ ఆయన రుమాలు తీస్తే జేబులోంచి ఆ పిన్ను కింద పడింది. ఎవరైనా చూస్తారని గబుక్కున దాని మీద బూటు పెట్టి నిలబడ్డాను. ఆయన మా నాయన మోకాళ్ల నొప్పుల గురించి ఏదో అడుగుతున్నాడు, నేను కాలు కదపకుండా జవాబు చెబుతున్నాను. ఆయన వెళ్లాక దాన్ని తీసి, నిచ్చెనెక్కి బిగించి వచ్చాను. నాలుగోసారి కొత్త భాగం నంబరు రాయాల్సిన చోట పాత భాగం నంబరు రాశాడు. ఎనిమిదిని మూడనుకుని అంకెలు కూడా తప్పు రాశాడు. అవీ నేనే దిద్దాను. అప్పటికి నాకు అనుమానం కాదు, ఖాయమైపోయింది. సూర్యాపేట ఇంట్లో గ్లాసులో నీళ్లు పోయబోయి బల్ల మీద పోస్తాడు. ఫోన్‌ను ముక్కుకు ఆనించి చదువుతాడు. బండి తీయడం మానేసి, బజారుకు నడిచి పోతున్నాడు. అడిగితే రోడ్డు మీద దుమ్ము అంటాడు. కంపెనీ ఏటా కళ్ల పరీక్ష చేస్తుంది గానీ, ఆ గోడ మీది అక్షరాలు ఆయనకు ఏళ్ల తరబడి కంఠతా వచ్చు.

ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, బస్సులో పక్కన కూర్చున్నప్పుడు అందామనుకున్నాను. "చిన్నాయనా, ఒకసారి కండ్లు చూపించుకోరాదు" అన్నాను.

"నా కండ్లకేమైంది? నీకంటే మంచిగ కనబడతయ్. అగో, ఆ లారీ నంబరు చెప్పాల్నా?" అని ఏదో నంబరు చెప్పేశాడు. తప్పు నంబరు. నేను నవ్వేసి కిటికీలోంచి బయటికి చూశాను. ఇంకోసారి నోరెత్తలేదు.

ఆ ఏడాది చివర హ్యాంగరులో చిన్న సభ పెట్టి ఆయనకు శాలువా కప్పారు. కంట్రోల్స్ పనిలో రెండో తనిఖీలో ఒక్క రిమార్కు కూడా పడని మనిషి అని మేనేజరు మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గులేనిదాన్ని, నేనూ కొట్టాను.

ఇంటర్‌లో నాతో చదివిన అమ్మాయి పెళ్లికి మూడు రోజులు సెలవు పెట్టి కోదాడ పోయాను. ఫంక్షన్ హాల్లో మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. చిన్నాయనే. గొంతులో హుషారు.

"డైరెక్టివ్ వచ్చింది బిడ్డా. తోక కడ్డీల చివర్లు అనుకున్నదాని కంటె ముందే అరుగుతున్నయంట. అన్ని విమానాలు చూడాలె, పాతవి మొత్తం మార్చాలె. వారం గడువు ఇచ్చిండ్రు. ఇయ్యాల్నే మొదలు పెడుతున్నం."

మా పనిలో డైరెక్టివ్ అంటే విన్నపం కాదు. లోపం ఎక్కడ బయటపడినా సరే, ఆ రకం విమానం ఉన్న ప్రతి ఒక్కరూ గడువులోగా చూసి తీరాలి, లేదంటే విమానం ఎగరడానికి వీల్లేదు. హ్యాంగరంతా ఉరుకులు పరుగులు. తలా ఒక విమానం పంచుతారు. ఆయనకు ఏ విమానం ఇస్తారో, రెండో సంతకం ఎవరు పెడతారో నాకు తెలియదు. నేను పెట్టనని మాత్రం తెలుసు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నేను వచ్చేదాక నువ్వు కంట్రోల్స్ ముట్టుకోకు చిన్నాయనా" అన్నాను.

"ఏందే? నువ్వు లేకుంటే నాకు పని రాదా?" పకపకా నవ్వాడు. "మంచిగ తిను. గీడ సంగతి నేను సూసుకుంట."

ఫోన్ పెట్టేశాడు. అప్పుడు నేను చేయగలిగింది చాలా ఉంది. షిఫ్టు ఇన్‌చార్జికి ఫోన్ చేసి, ఆయనకు చూపు సరిగా లేదు, ఆ పని ఇవ్వొద్దు అంటే అయిపోయేది. రెండో సంతకం పెట్టేవాళ్లకు, జాగ్రత్తగా చూడండి అన్నా సరిపోయేది. నంబరు కూడా తీశాను. ఏమని చెప్పను? ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటే ఏమనను? ఎదురుగా వడ్డిస్తున్న పెళ్లికూతురి మేనత్త, "ఏంటమ్మా, తినకుండా అలా కూర్చున్నావు? కాస్త పెరుగన్నా వేయించుకో" అంది. వేయించుకున్నాను. ఫోన్ బ్యాగులో పెట్టి, తిన్నాను. ఆ పెరుగన్నం తిన్న మనిషిని నేనే.

సెలవు అయిపోయి వెళ్లేసరికి ఆయన చేయాల్సిన విమానం పని అయిపోయింది, విమానం వెళ్లిపోయింది. రెండో సంతకం మా షిఫ్టులోనే ఇంకో ఇంజనీరు పెట్టాడు. పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. బాగా చూశావా అని అతన్ని అడగడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. అడిగితే ఎందుకడిగావంటాడు. రోజూ ఆ విమానం ఏ ఊళ్లో దిగిందో ఫోన్‌లో చూసుకునేదాన్ని. దిగింది అని కనబడితే ఫోన్ పక్కన పెట్టేదాన్ని, మళ్లీ లేచింది అంటే చేతిలోకి తీసుకునేదాన్ని. ఆరు రోజులు అట్లా గడిచాయి.

ఆరో రోజు వేరే ఊళ్లో నూనె కారుతోందని ఎవరో తోక దగ్గర మూత తీశారు. నూనె సంగతి అలా ఉంచితే, కడ్డీ బోల్టుకు కాటర్ పిన్ లేదు. నట్టు సగానికి పైగా వదులై ఉంది. ఆ ఆరు రోజుల్లో ఆ విమానంలో ఎంతమంది ఎక్కి దిగారో నేను లెక్క కట్టలేదు. కట్టదలచుకోలేదు. చంకలో పిల్లలతో ఎక్కినవాళ్లు ఉండి ఉంటారు, దవాఖానాకు పోయేవాళ్లు ఉండి ఉంటారు. ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదంటే అది మా గొప్ప కాదు.

చిన్నాయననూ, రెండో సంతకం పెట్టిన ఇంజనీరునూ ఇద్దర్నీ పక్కన పెట్టారు. అతను విచారణలో, ఇన్నేళ్లలో ఆయన పనిలో ఒక్క రిమార్కు లేదు, అందుకే పైపైన చూశాను అన్నాడట. ఆ మాట నాకు తెలిసినప్పుడు నేను టూల్స్ గదిలో ఉన్నాను. ఆ రిమార్కులు పడకుండా చూసింది నేనే కదా. నేను తుడిచి పెట్టిన రికార్డును చూసి అతను కళ్లు మూసుకున్నాడు.

చిన్నాయన సూర్యాపేట వచ్చేశాడు. ఇంట్లోంచి బయటికి వచ్చేవాడు కాదు. కళ్ల పరీక్ష రిపోర్టు తెమ్మని కంపెనీ అడిగితే, సూర్యాపేటలో అయితే తెలిసినవాళ్లు చూస్తారని మిర్యాలగూడ వస్తానన్నాడు. నాయనా నేనూ కలిసి ఆయన్ను అక్కడి కంటి దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరమ్మ మందు చుక్కలు వేసి, చాలాసేపు చూసింది. కుడి కన్ను దాదాపు పోయిందంది. ఎడమ కంట్లో మిగిలింది నిలుపుకోవడమే గాని, పోయింది తిరిగి రాదంది.

"షుగరు ఉండి కూడా ఇన్నాళ్లు ఎందుకు రాలేదు? ఏడాది కింద వచ్చి ఉంటే లేజర్ చేసేవాళ్లం. రెండు కళ్లూ చాలావరకు నిలిచేవి" అంది ఆమె.

"నాకు తెల్వలేదు మేడం. జర మసకున్నదనుకున్న, అంతే. పని మంచిగనే నడిసె గదా" అన్నాడు చిన్నాయన. ఆ మాట కడుపుకోసేలా అన్నాడు, ఆయనకు తెలియకుండానే. నేను గోడకు ఆనుకుని నిలబడి, నేల గచ్చు చూస్తున్నాను. నాయన మందుల చీటీ తీసుకుని బయటికి నడిచాడు.

పది రోజులకు సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చింది. జవాబు రాయడానికి చిన్నాయన నన్ను సూర్యాపేటకు పిలిపించాడు. మధ్యాహ్నం, కరెంటు లేదు. చిన్నమ్మ వంటింట్లో ఉంది. ముందు తెలుగులో రాయి, తర్వాత ఇంగ్లీషులోకి మారుద్దాం అని, ఆయన మంచం మీద కూర్చుని చెప్పడం, నేను కింద చాప మీద కూర్చుని రాయడం. ఉద్యోగం ఎలాగూ పోతుందని ఆయనకు తెలుసు. ఆయన కాపాడుకోవాలనుకుంది పేరు ఒక్కటే.

"రాయి. నా సర్వీసు మొత్తంల కంట్రోల్స్ పని మీద ఒక్క రిమార్కు లేదు. ఇది మొదటి తప్పు. గది జర గట్టిగ రాయి."

రాశాను. రాశాక కలం ముందుకు కదల్లేదు.

"రాసినవా? తర్వాత రాయి..."

"చిన్నాయనా, ఇది మొదటిది కాదు."

ఆయనకు అర్థం కాలేదు. చెప్పాను. వంచని కాళ్లు, తిరగబడిన తీగ, జేబులోంచి పడ్డ పిన్ను, తప్పు నంబరు. బూటు కింద దాచింది కూడా చెప్పాను. చెబుతూ ఏడ్చాను, ఏడుపు ఆపుకోవడం కూడా చేతకాలేదు. ఆయన నేనున్న వైపే చూస్తున్నాడు, కానీ నా భుజం మీదుగా ఎటో చూస్తున్నట్టుంది.

"మొదటిది ఎప్పుడు?" అన్నాడు చివరికి.

"కిందటేడు. ఉగాదికి వారం ముందు."

వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. డాక్టరమ్మ చెప్పిన ఏడాది ఎక్కడ పడిందో ఆయనకు తెలిసిపోయింది. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"అప్పుడే చెప్తే కండ్లన్న మిగులుతుండె గదనే" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. పిల్లలకు లెక్క ఎక్కడ తప్పిందో చెప్పినట్టు, మామూలుగా అన్నాడు.

"నీకు తప్పు చూపించడానికి నోరు రాలేదు చిన్నాయనా. నీ మీద గౌరవంతో..."

"గౌరవం గాదు." తల అడ్డంగా ఊపాడు. "నేను పనికిరానని నీకు తెలిసింది. నాకు చెప్పకుంట ఉంచినవ్. గంతే. ఇగ ఆ లైను కొట్టెయ్."

"ఏ లైను?"

"ఒక్క రిమార్కు లేదన్నది. అది నాది గాదు. కొట్టేసి, దీనికి ముందు నాలుగుసార్లు తప్పు చేసిన, నాకు తెల్వదు అని రాయి. ఎవరు దాచిండ్రో నేను రాయ. నీ సంగతి నువ్వే రాసుకో."

నా సంగతి తర్వాత నేనూ రాసిచ్చాను. లైసెన్సు పోయింది, మిర్యాలగూడ వచ్చేశాను. దాని గురించి నాకు పెద్ద బాధ లేదు, అది నాకు రావాల్సిందే. ఆ మధ్యాహ్నం సంగతే మరుపు రాదు. ఆ లైను మీద రెండు గీతలు గీశాను. కింద ఆయన చెప్పినట్టే రాశాను.

"కొట్టేసినవా?"

"కొట్టేసిన చిన్నాయనా."

ఆయన చెయ్యి చాచాడు. కాగితం ఇచ్చాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ ఆనలేదు. నా వైపు తిరగలేదు. వంటింటి వైపు తిరిగి, "ఏమే, ఒకసారి గిట్ల రా. ఇది లైను కొట్టేసిన అంటున్నది. నిజంగ కొట్టేసిందేమో జర సూడు" అన్నాడు.

చిన్నమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కాగితం తీసుకుని, కిటికీ దగ్గరకు పోయి చూసింది.